గోడలో రాళ్లు, గోతిలో రాళ్లు

మేమే ముతుప్, అంటే మా ముతుప్ తాత, రాయిని ఒక్కసారే తిప్పేవాడు. చేతిలోకి తీసుకోవడం, ఒకసారి తిప్పడం, గోడలో పెట్టడం, అంతే. ఎత్తిన రాయిని మళ్లీ నేలమీద పడెయ్యడం నేను చూడలేదు. ఎందుకలా అని అడిగితే, "వద్దనుకుంటే కంటితోనే వద్దనుకోవాలి నోనో. ఎత్తాక దించితే నడుం నొప్పి నీది, గోడ మాత్రం పెరగదు" అనేవాడు.

మా ఊరు స్క్యాంగ్‌దోలో ముప్ఫై రెండు ఇళ్లు. సగం ఇళ్ల పునాదులు, దాదాపు అన్ని గొర్రెల దొడ్లు, కాలువ ఒడ్డున గోడ ఆయన చేతి పనే. మట్టి వాడడు, సున్నం వాడడు. రాయి మీద రాయి, సందులో చిన్న రాయి, దాని సందులో ఇంకా చిన్న రాయి. ఒకసారి లేహ్ నుంచి వచ్చిన ఇంజనీరు కాలువ గోడ గట్టిదో కాదో చూద్దామని కాలితో తన్నాడట. గోడకేమీ కాలేదు, ఇంజనీరు మూడు రోజులు కుంటుతూ నడిచాడట. ఇది ముతుప్ భార్య అబి కుంజెస్ చెప్పే కథ. ఆవిడ చెప్పేవాటిలో సగం తీసేసినా గోడ గట్టిదే.

నేను ఈ ఊరి జీపు మెకానిక్‌ని. నాకెవరూ పని నేర్పలేదు. సైన్యం వేలం వేసిన జీపొకటి మా నాన్న కొన్నాడు, అది మూడో రోజే ఆగిపోయింది. నేను ఇంటిముందు దుప్పటి పరిచి ఇంజను విప్పడం మొదలుపెట్టాను. చుట్టూ మూగినవాళ్లంతా నవ్వుతున్నారు. మేమే ముతుప్ అటుగా పోతూ ఆగాడు.

"ఇవన్నీ విప్పిన వరుసలోనే పరిచావా?"

"అవును మేమే."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. వరుస తప్పితే మళ్లీ ఎలా బిగిస్తాను?"

ఆయన తలూపి, గొంచా అనే పొడుగాటి అంగీ మడతలోంచి ఎండు జున్ను ముక్క తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మా ఊళ్లో తాతను మేమే అంటాం, అవ్వను అబి అంటాం, అక్కను ఆచే, అన్నను అచో, తమ్ముణ్ణి నోనో అంటాం. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆ రోజు నుంచి ఆయన నాకు మేమే, నేను ఆయనకు నోనో. ఆ చనువును నేనేం చేశానో ఇక్కడ రాస్తున్నాను.

ఊరి పైన, మందలు దిగివచ్చే కనుమ దగ్గర తోడేళ్ల గొయ్యి ఉంది. ముతుప్ ఇరవయ్యారేళ్ల వయసులో దాన్ని కట్టాడు. అంతకుముందు ఉన్న పాత గొయ్యి కూలిపోయింది. ఆ చలికాలం తోడేళ్లు ఊళ్లో నలభై గొర్రెల్ని చంపాయి. కొత్తది కట్టమని ఊరంతా ఆయన్నే అడిగింది. గుండ్రటి గొయ్యి, నిలువున్నర లోతు. కింద వెడల్పు, పైకి వచ్చేకొద్దీ ఇరుకు. ఒక్కో వరుసను కింది వరుస కంటే రెండు వేళ్లు లోపలికి జరుపుతూ కట్టాడు. అడుగున ఒక ముసలి మేకను కట్టేస్తారు. తోడేలు వాసన పట్టి దూకుతుంది. లోపలికి వాలిన గోడను ఎక్కలేదు. పొద్దున ఊరంతా పైకి వెళ్తుంది.

కట్టినవాడిదే మొదటి రాయి. అది మా పద్ధతి. ఆయన విసిరాక ఇంటికొకరు చొప్పున విసరాలి. పని అయ్యాక ప్రతి ఇంటివాళ్లూ కట్టినవాడి గడపకు బార్లీ తెచ్చి పోస్తారు, ఛాంగ్ అనే బార్లీ కల్లు తెచ్చి పోస్తారు. ఇరవై రెండేళ్లలో పదకొండు తోడేళ్లు. ఆఖరిదాన్ని చంపినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. మా ఇంటి తరఫున నేనే విసిరాను. ఆ సాయంత్రం ముతుప్ ఇంట్లో ఛాంగ్ తాగాను. ఆయనా తాగాడు, సంతోషంగానే తాగాడు. ఇప్పుడు అబద్ధం రాసి లాభం లేదు.

ఆయన చేసిన పనుల్లో అదే గొప్ప పని. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఇంటి గోడలు పదేళ్లకు కాస్త కుంగుతాయి, దొడ్డి గోడలు మంచుకు ఉబ్బుతాయి. ఆ గొయ్యి మాత్రం నలభై ఏళ్లు వెంట్రుకవాసి కదల్లేదు. పని తెలిసినవాళ్లు దాన్ని చూడ్డానికి పక్క లోయల నుంచి వచ్చేవాళ్లు. ఆయన చేతిలోంచి వచ్చిన పనుల్లో అన్నిటికన్నా మంచిది, చంపడానికి కట్టింది. ఈ మాట ఆయన ఒక్కసారే అన్నాడు, అదీ కాలువ గోడ బాగుచేస్తూ, నా వైపు చూడకుండా.

తర్వాత మా లోయకు యాత్రలు వచ్చాయి. లేహ్‌లో ఉండే ఆచే యాంగ్‌స్కిత్ వాటిని నడుపుతుంది. పదిరోజుల యాత్ర. మొదట మఠాల్లో ముసుగు నాట్యాలు, ఆ తర్వాత స్తూపాలు, పవిత్రమైన సరస్సు, చివరి నాలుగు రోజులు మా లోయలో జంతువులు. గుడారాల్లో మంచాలు, పరుపులు, పడకలోకి వేడినీళ్ల సంచి, పొద్దున్నే నురగ కాఫీ. ఆ కాఫీ యంత్రాన్ని బాగుచేసేది నేనే. జీపులు చూసేదీ, నీటి గొట్టాలు గడ్డకట్టకుండా చూసేదీ నేనే. ఆచే యాంగ్‌స్కిత్ మాట నిలబెట్టుకునే మనిషి, మాకందరికీ పని ఇచ్చిన మనిషి. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు.

మొదటి బృందం వచ్చి దుర్భిణీలు బిగించినప్పుడు మేమే ముతుప్ నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"ఆ గొట్టాల్లోంచి ఏం చూస్తున్నారు వాళ్లు?"

"మంచు చిరుత కోసం. లేకపోతే తోడేలు కోసం."

"తోడేలు కోసమా? డబ్బిచ్చి?"

"చాలా డబ్బిచ్చి, మేమే."

"అప్పుడే చెప్పి ఉంటే మేకతో సహా పట్టి ఇచ్చేవాళ్లం కదా."

పక్కనున్న గైడు రిగ్జిన్ పడీపడీ నవ్వాడు. ముతుప్ నవ్వలేదు. ఆ గొట్టాలవైపే చూస్తూ కూర్చున్నాడు.

నాలుగేళ్ల కిందట మఠం నుంచి లామా గారు వచ్చి గొయ్యి మూసేద్దామన్నారు. పూర్తిగా పూడ్చక్కర్లేదు, పడిన జంతువు ఎక్కి రావడానికి ఒక దారి తెరిస్తే చాలు, పక్కనే ఆ రాళ్లతోనే స్తూపం కడదాం అన్నారు. ఊరు ఒప్పుకుంది. సున్నం, కలప, కూలి తను ఇస్తానంది ఆచే యాంగ్‌స్కిత్. మా పంచాంగంలో నాలుగో నెల, అంటే మే చివరి పౌర్ణమికి మొదటి రాయి వెయ్యాలని ముహూర్తం పెట్టారు. ఆ రోజుకు తన అతిథుల్ని కూడా తీసుకొస్తానంది.

ఊరి సమావేశంలో ముతుప్ ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. ఆ రోజు లేచాడు.

"నేనే తెరుస్తాను. ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు."

"మీకు డెబ్బై దగ్గరపడుతోంది, మేమే. నలుగురం సాయం వస్తాం," అన్నారెవరో.

"వద్దు. గోడలో ఉన్న రాయి ఏ పాపమూ చెయ్యలేదు. అడుగున పడున్న రాళ్లు చేశాయి. అవి మనం విసిరినవి. వాటిలో ఒక్కటి కూడా స్తూపంలోకి పోకూడదు. రెండూ ఒక్క కొండవే, చూస్తే తేడా తెలీదు. గోడలో ఉన్నంతసేపే అది గోడ రాయి. కిందపడ్డాక ఏది ఏదో నేను కూడా చెప్పలేను. అందుకే ముందు అడుగున ఉన్నవన్నీ ఏరి బయటికి తెస్తాను. తర్వాత గోడను పైనుంచి ఒక్కో వరుసే విప్పుతాను."

"మరి నీ మోకాళ్ల సంగతేంటి?" అంది వెనకనుంచి అబి కుంజెస్. "వాటినెవరు విప్పుతారు?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. తను విసిరిన రాయి మీద లామాలు దీపం పెట్టడం, జనం దాని చుట్టూ తిరిగి దండం పెట్టడం జరగకూడదు. ఆయన అడిగింది అదొక్కటే.

ఏప్రిల్ చివర నేల మెత్తబడగానే మొదలుపెట్టాడు. పొద్దున్నే వేయించిన బార్లీ పిండి, వెన్న టీ సీసా పట్టుకుని పైకి వెళ్లేవాడు. నిచ్చెన వేసుకుని గోతిలోకి దిగి, చిన్న గునపంతో ఒక్కో రాయినీ బురదలోంచి లేపి బుట్టలో వేసేవాడు. బుట్ట మొయ్యలేక అవస్థ పడుతుంటే నేను మూడు దుంగలు కట్టి, దానికి కప్పీ బిగించి, తాడు వేసి ఇచ్చాను. రాళ్లను ముట్టుకోనివ్వలేదు కానీ కప్పీకి ఒప్పుకున్నాడు. తాడు లాగి చూసి, "ఇది బాగుంది. కిర్రుమనడం లేదు," అన్నాడు. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన నోటినుంచి ఎవరూ విని ఉండరు.

ఏరిన రాళ్లను తూర్పు వైపు కందకంలో వేసేవాడు. ఒకరోజు రాళ్లతోపాటు చిన్న ఇత్తడి గంట వచ్చింది. ఇంటికి తీసుకెళ్లి భార్య ముందు పెట్టాడు.

ఆవిడ దాన్ని కొంగుతో తుడిచింది. "ఇది నా నల్లమేకది. తప్పిపోయిందన్నావు."

"అన్నాను."

"ఇరవై ఆరేళ్లుగా దానికోసం కొండల్లో వెతుకుతున్నాను అనుకో."

"మూడు రోజులే వెతికావు."

"నువ్వు వద్దన్నావు కాబట్టి ఆపాను. ఇప్పుడు తెలిసింది ఎందుకు వద్దన్నావో." ఆ గంటను ఆవిడ దీపాల గదిలో పెట్టుకుంది. వారం రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ వారమంతా ఆయన తన టీ తనే కాచుకున్నాడు.

మే నెలలో వాన, మంచు కలిసి ఐదు రోజులు పడ్డాయి. గోతిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. చేత్తో తోడాడు. మోకాలు వాచింది. పౌర్ణమికి రెండు రోజులుందనగా అడుగున ఉత్తరం వైపు సగం శుభ్రమైంది, దక్షిణం వైపు సగం అలాగే ఉంది, గోడ అసలు ముట్టుకోలేదు.

"ఇంకెన్ని రోజులు మేమే?"

"అడుక్కి నాలుగు. గోడకు ఆరు."

"లామా గారు ఎల్లుండి వస్తున్నారు కదా."

"రానీ. వచ్చి చూస్తారు. పని పని వేగంతోనే జరుగుతుంది," అని, కర్ర పట్టుకుని మెల్లగా కిందికి దిగాడు. మోకాలికి వేడి ఉప్పు కాపడం పెట్టుకోవాలన్నాడు. మర్నాడు ఆయన పైకి రాలేకపోయాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఆచే యాంగ్‌స్కిత్ ఫోన్ చేసింది. మా దగ్గర ఫోన్ పలికేది ఒక్క బండరాయి మీదే. దాని మీద నిలబడి మాట్లాడాను.

"దారి తెరిచారా అచో నమ్‌గైల్?"

"లేదు ఆచే. పది రోజుల పని మిగిలింది."

"పది రోజులా? రేపు పొద్దున తొమ్మిదికి లామా గారు, పద్నాలుగు మంది అతిథులు. దారి లేని గొయ్యి చూపించి పాపం పోయిందని ఎలా చెప్పను?"

"మేమే ఇంకెవర్నీ చెయ్యి పెట్టొద్దన్నాడు."

"ఆయన్ని బాధపెట్టమని నేను అనను. నువ్వు పనివాడివి. ఏదో ఒకటి ఆలోచించు."

నేను పనివాణ్ణే. ఆలోచించాను కూడా. అదే నా బాధ. ఏమీ ఆలోచించకుండా చేసి ఉంటే తాగి చేశాడనో, తొందరలో చేశాడనో అనుకోవచ్చు. గొయ్యి చుట్టూ మూడుసార్లు తిరిగి చూశాను. ఉత్తరం వైపు అడుగు శుభ్రంగా ఉంది; ఆ వైపు నేల పల్లం కాబట్టి గోడ వెనకభాగం బయటికే ఉంటుంది. ఆ వైపు గోడలో నాలుగడుగుల వెడల్పు ముక్క ఒక్కటి బయటికి లాగితే, రాళ్లు బయటే పడతాయి. లోపల పడినా శుభ్రమైన చోటే పడతాయి. విసిరిన రాళ్లతో కలవవు. మేమే కోరిందీ దక్కుతుంది, ముహూర్తమూ దక్కుతుంది. లెక్క సరిగ్గానే ఉందనిపించింది.

ముతుప్ ఇల్లు అక్కడికి అరగంట నడక. వెళ్లి అడగొచ్చు. మోకాలు నొప్పితో పడుకున్నాడు, ఎందుకు లేపడం అనుకున్నాను. నిజం అది కాదు. వద్దంటాడని తెలుసు.

ఎండ ఇంకా శిఖరాల మీద ఉండగానే జీపును ఉత్తరం వైపు నిలిపాను. జీపు ముందు ఇనుప తాడు చుట్టే వించ్ ఉంటుంది. తాడు కొక్కేన్ని గోడలో పెద్ద రాయి వెనక్కి దూర్చి, మెల్లగా, చాలా మెల్లగా చుట్టాను. పెద్ద రాయి బయటికి వచ్చింది. ఒక్క క్షణం అంతా నేను అనుకున్నట్టే ఉంది. తర్వాత దాని రెండు పక్కల రాళ్లు లోపలికి జారాయి. వాటి పక్కవి, వాటి పక్కవి. దారం తెగిన పూసల్లా గోడ గుండ్రంగా చుట్టూ తిరిగి కూలింది. దక్షిణం వైపుది అన్నిటికన్నా చివర పడింది, ఏరని రాళ్ల మీద. దుమ్ము తగ్గేసరికి గోతిలో ఒకే కుప్ప ఉంది.

గోడ లోపలికి వాలి ఉంది. ప్రతి రాయీ పక్క రాయిని నొక్కి పట్టుకుని నిలబడింది. వలయంలో ఒక్క రాయి తీస్తే మిగతావాటికి పట్టు పోతుంది. అందుకే ఆయన పైనుంచి వరుసగా విప్పుతానన్నాడు. వరుస గురించి నన్ను మెచ్చుకున్న మనిషి ఆయన.

మర్నాడు పొద్దున లామా గారు వచ్చేసరికి గోతికి ఒకవైపు నిజంగానే వాలు ఏర్పడింది. అంతా బాగుందన్నారు. కూలీలు కుప్పలోంచి మూడు బుట్టల రాళ్లు తెచ్చి స్తూపం పునాదిలో పోశారు, మంత్రాలు చదివారు. ముతుప్ అప్పటికి రాలేదు. అతిథుల ముందుకు కొత్త గొంచా వేసుకుని రమ్మని రిగ్జిన్ కబురు పెట్టాడు. ఆ వాచిన కాలితో గొంచా కట్టుకుని, కొండెక్కి వచ్చేసరికి ఆలస్యమైంది.

వచ్చి గొయ్యి అంచున నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. తర్వాత జీపు ముందున్న వించ్ వైపు చూశాడు.

"నువ్వేనా నోనో?"

"నేనే మేమే."

"బయటికి వస్తుందనుకున్నావా?"

"అనుకున్నాను."

"లోపలికి వంచి కట్టాను కదా."

కోపంగా అనలేదు. పని గురించి మాట్లాడుతున్నట్టే అన్నాడు. తర్వాత స్తూపం పునాది వైపు చూసి, "ఎన్ని బుట్టలు వేశారు?" అని అడిగాడు. మూడని చెప్పాను.

లామా గారికి అప్పటికి విషయం తెలిసింది. దగ్గరికి వచ్చి, మనసు మంచిదైతే చాలు, రాళ్లను అంతగా పట్టించుకోవద్దని ఓదార్చారు.

"మీకు చాలు లామా గారూ," అన్నాడు ముతుప్ వంగి నమస్కరిస్తూ. "మీరు విసరలేదు కదా."

ఆ తర్వాత అతిథుల వంతు. ఒక్కొక్కరూ కుప్పలోంచి చేతికి పట్టే రాయి తీసుకుని పునాదిలో పెట్టాలని ఏర్పాటు. ముందు ఒక పొడుగాటి తెల్లజుట్టు ఆవిడ రాయి పట్టుకుని వస్తోంది. ముతుప్ అడ్డంగా వెళ్లి రెండు చేతులూ చాచాడు. ఆవిడ ఏమనుకుందో, రాయిని ఆయన చేతుల్లో పెట్టింది. నల్లరాయి, మధ్యలో అడ్డంగా తెల్లగీత. ఆయన దాన్ని తిప్పాడు. మళ్లీ తిప్పాడు. తన వెనక నేలమీద పెట్టాడు. కుప్ప దగ్గరికి వెళ్లి, సుత్తి దెబ్బ గుర్తున్న పెచ్చు ఒకటి ఏరి తెచ్చి ఆవిడకు ఇచ్చాడు. గోడ ముఖానికి చెక్కిన కొద్ది రాళ్లకే ఆ గుర్తు ఉంటుంది, విసిరినవాటికి ఉండదు. ఆవిడ కళ్లు తడిశాయి. రెండు చేతులూ జోడించింది.

వెనకవాళ్లు కూడా వరుసలో నిలబడి తమ రాళ్లను ఆయన ముందు చాచారు. రిగ్జిన్ వాళ్ల భాషలో ఏదో గడగడా చెబుతున్నాడు.

"ఏం చెబుతున్నావు?" అన్నాను.

"ఊరి పెద్దాయన ఆశీర్వదించి ఇస్తున్నాడని. మరేం చెప్పను అచో, నువ్వు గోడ కూల్చావని చెప్పనా?"

పద్నాలుగు మందిలో తొమ్మిది మంది రాళ్లు ముతుప్ వెనక నేలమీదే ఉండిపోయాయి. సాయంత్రం కిందికి దిగుతూ, "ఆ తెల్లగీత రాయి నాది. ఆఖరిసారి విసిరింది," అని మాత్రం అన్నాడు.

తర్వాతి బృందంవాళ్లు ముందే అడిగారట, రాయి ఆశీర్వదించే పెద్దాయన ఉంటాడా అని. ఆచే యాంగ్‌స్కిత్ స్వయంగా ఆయన ఇంటికి వచ్చింది. ఒప్పుకోడనుకున్నాను. ఒప్పుకున్నాడు.

"నేను కూర్చోకపోతే ఎవరు ఏ రాయి పెడతారో ఎవరికి తెలుసు," అన్నాడు నాతో. "ఎలాగూ ఏరాల్సిందే. వాళ్లు ఒక్కొక్కటీ తెచ్చి ఇస్తున్నారు, నాకు వంగే పని తప్పుతుంది."

అలా మూడేళ్లు. స్తూపం పూర్తయింది, సున్నం కొట్టారు. మిగతా రాళ్లతో పక్కనే ప్రార్థన గోడ మొదలైంది. యాత్ర వచ్చిన ప్రతిసారీ ఆయన గొర్రెతోలు మీద కూర్చునేవాడు. అతిథులు వరుసగా వచ్చి రాయి ఇచ్చేవాళ్లు. సుత్తి గుర్తు ఉంటే వెంటనే తిరిగి ఇచ్చేవాడు. లేకపోతే తిప్పేవాడు. వేలితో అంచు తడిమేవాడు, వాసన చూసేవాడు, మళ్లీ తిప్పేవాడు. మూడుసార్లు, నాలుగుసార్లు. చివరికి తెలియక వెనక్కి పెట్టేసేవాడు. అతిథులు ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. ఒక్కసారే తిప్పే ఆ చేతులు ఇలా తిప్పుతుంటే నేను జీపు బానెట్ ఎత్తి అందులో తల దూర్చేవాణ్ణి, చెయ్యడానికి పనేమీ లేకపోయినా.

సాయంత్రం ఊళ్లో అందరూ స్తూపం చుట్టూ తిరుగుతారు. ఆయన ఎప్పుడూ తిరగలేదు. దూరంగా కూర్చుని మాల తిప్పుకునేవాడు. ఆ మూడు బుట్టల్లో ఏం వెళ్లిందో ఆయనకు తెలియదు. అబి కుంజెస్ తిరుగుతూ ఆయన ముందుకు వచ్చినప్పుడల్లా, "నీ చుట్లు కూడా నేనే తిరుగుతున్నా. మోకాళ్లు మాత్రం నావొక్కటే అరుగుతున్నాయి," అనేది.

రెండో ఏడాది ఒకరోజు ఎదుటి వాలు మీద తోడేలు కనబడింది. అతిథులందరూ చూశాక రిగ్జిన్ గొట్టాన్ని ముతుప్ ఎత్తుకు దించాడు. "ఊరికే చూడండి మేమే. మీకు డబ్బు అక్కర్లేదు."

ఆయన ఒక కన్ను మూసి వంగాడు. ఎంతసేపటికీ లేవలేదు.

"అది నన్ను చూస్తోందా?"

"చాలా దూరం మేమే. మీరు దానికి కనబడరు."

"మంచిది." ఇంకాసేపు చూశాడు. "ఇన్నాళ్లూ పైనుంచే చూశాను. దాని కాళ్లు ఇంత పొడుగని తెలీదు."

పోయిన చలికాలం ఆయన మంచాన పడ్డాడు. పొయ్యి గొట్టం పొగ వెనక్కి కొడుతోందంటే బాగుచెయ్యడానికి వెళ్లాను. పని అయ్యాక పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్ప ఆ విషయం మా మధ్య వచ్చేది కాదు. ఆ రోజు తనే ఎత్తాడు.

"ఆ రోజు నువ్వు ఇంటికొచ్చి అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో తెలుసా?"

"వద్దనేవారు."

"కాదు. గోతిలోకి ఒక దుంగ వాల్చమనేవాణ్ణి. కొట్టం వెనక పొడుగాటి దుంగ ఉండేది కదా, దానికి నాలుగు గాట్లు పెట్టి. పడిన జంతువు ఎక్కి రావడానికి దారి ఉంటే చాలు. లామా గారు చూసేది దారినే. నీ ఒక్కడికి గంట పని."

పొయ్యిలో పిడకలు సర్దుతున్న అబి కుంజెస్ ఆగింది. "ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు వాడికి?"

"చెబితే వాడు నిద్రపోడు," అన్నాడు.

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

ఆయన దుప్పటి పైకి లాక్కున్నాడు. నాకు తెలుసు. పని ఎలా చేసి ఉండాల్సిందో తెలిసిన మనిషి, అది తనతోనే పోవడం ఇష్టపడడు. ఫిబ్రవరిలో ఆయన పోయాడు.

ఈ ఏడాది యాత్రలు మొదలుకాకముందే ఆచే యాంగ్‌స్కిత్ వచ్చింది. ఆయన గురించి నిజంగానే కన్నీళ్లు పెట్టుకుంది. వెళ్లేముందు మొహమాటంగా అడిగింది. "అతిథులు అడుగుతున్నారు అచో. నీ చేతులు కూడా పనివాడి చేతులే. ఆయన దగ్గర అందరికన్నా ఎక్కువ ఉన్నది నువ్వే. ఆ గొర్రెతోలు మీద నువ్వు కూర్చుంటే..."

"నేను కూర్చోను ఆచే. నాకు ఆ రాళ్లు తెలీవు."

"వాళ్లకు మాత్రం ఏం తెలుసు?"

"ఆయనకు తెలుసు. తెలిసిన ఆయనకే తేలలేదు."

ఎవరో ఒకరు దొరుకుతారు. దొరికినవాడు ఎవరేం తెచ్చినా ఒకసారి తిప్పి తిరిగి ఇచ్చేస్తాడు, వరుస త్వరగా కదులుతుంది.

ఆయన కూర్చునే చోటు వెనక తేలని రాళ్ల కుప్ప ఉంది. మూడేళ్లలో నా నడుం ఎత్తుకు పెరిగింది. అందులో గోడ రాళ్లున్నాయి, విసిరిన రాళ్లున్నాయి, నేను పంతొమ్మిదేళ్లప్పుడు విసిరింది కూడా ఉండొచ్చు. మే మొదటివారంలో బుట్ట వీపున వేసుకుని వాటిని కందకంలోకి మోశాను, ఆయన మొదట్లో ఏరిన రాళ్ల మీదికి. నాలుగు రోజులు పట్టింది. కప్పీ వాడలేదు, జీపు తేలేదు. ఒక్క రాయినీ తిప్పి చూడలేదు.